వారానికి ఒక పూట

అమెరికాలో ప్రైమరీ కేర్ స్పోర్ట్స్ మెడిసిన్ ఫెలోషిప్ (ఆటల్లో తగిలే దెబ్బలకు, కీళ్లు, కండరాల బాధలకు ఆపరేషన్ లేని వైద్యంలో ఏడాది అదనపు శిక్షణ) చేసే వైద్యులు సగటున వారానికి ఒక పూట తమ మూల స్పెషాలిటీలో రోగులను చూడాలన్నది నిబంధన. ఫ్యామిలీ మెడిసిన్ నుంచి వచ్చినవారు మామూలు ఫ్యామిలీ క్లినిక్‌లో కూర్చుంటారు, పిల్లల వైద్యులు పిల్లల క్లినిక్‌లో, ఎమర్జెన్సీ మెడిసిన్ చదివినవారు ఎమర్జెన్సీ విభాగంలో పనిచేస్తారు. శిక్షణ కార్యక్రమాలకు గుర్తింపునిచ్చే ఏసీజీఎంఈ నియమావళిలో ఇది పెద్దగా కంటబడని అంశం. దరఖాస్తు చేసుకునే యువ వైద్యులు ఏ జట్టుతో పనిచేయవచ్చు, అల్ట్రాసౌండ్ ఎంతవరకు నేర్పుతారు, ఎన్ని రకాల ఇంజెక్షన్లు చేయనిస్తారు అని అడుగుతారు గానీ, ఆ పూట ఎక్కడ గడుస్తుంది, ఎవరి పర్యవేక్షణలో గడుస్తుంది అని అడిగేవారు అరుదు. కార్యక్రమాలను నడిపేవారిలోనూ పలువురు దాన్ని నిబంధన ఉంది కాబట్టి టైంటేబుల్‌లో ఎక్కడో ఒకచోట ఇరికించే పనిగానే చూస్తారు. పన్నెండు నెలల ఆ శిక్షణలో అన్నిటికంటే విలువైన సమయం ఆ పూటేనని, దాన్ని తేలికగా తీసుకునే కొద్దీ ఈ ఫెలోషిప్ ఎవరి కోసం పుట్టిందో వారికే దూరమవుతుందని నా వాదన.

నేను ఫ్యామిలీ మెడిసిన్ వైద్యుణ్ణి. ఈ ఫెలోషిప్ చేసి, ఇప్పుడు మిడ్‌వెస్ట్‌లోని ఒక మోస్తరు పట్టణంలో వారంలో కొన్ని రోజులు మామూలు రోగులను, మిగతా రోజులు కీళ్లు, కండరాల బాధలతో వచ్చేవారిని చూస్తూ, ఏటా వచ్చే ఫెలోలకు శిక్షణనిస్తున్నాను. ఈ చదువంటే నాకు ప్రాణం. అందుకే దీని మీద ఇంత నిక్కచ్చిగా రాస్తున్నాను.

స్పోర్ట్స్ మెడిసిన్ అనగానే మనలో చాలామందికి మోకాలికి ఆపరేషన్ చేసే ఆర్థోపెడిక్ సర్జనే గుర్తుకొస్తాడు. అమెరికాలో ఆ పేరుతో రెండు వేర్వేరు దారులున్నాయి. మొదటిది ఐదేళ్ల ఆర్థోపెడిక్ సర్జరీ రెసిడెన్సీ (వైద్య పట్టా తరువాత ఒక స్పెషాలిటీలో పొందే శిక్షణ) తరువాత సర్జన్లు చేసే ఏడాది; వారి సంఘం 1972లోనే ఏర్పడింది. రెండవది నేను మాట్లాడుతున్నది. ఫ్యామిలీ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్, పీడియాట్రిక్స్, ఎమర్జెన్సీ మెడిసిన్, ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్‌లలో ఏదో ఒక రెసిడెన్సీ ముగించినవారు మరో ఏడాది శిక్షణ పొంది, అదనపు అర్హత కోసం పరీక్ష రాస్తారు. ఈ వైద్యులు 1991లో ఏఎంఎస్‌ఎస్‌ఎం అనే సంఘాన్ని స్థాపించుకున్నారు, 1993లో ఆ పరీక్ష మొదటిసారి జరిగింది. ఇప్పుడు దేశమంతటా రెండు వందలకు పైగా కార్యక్రమాలు ఈ శిక్షణ ఇస్తున్నాయి. వీరు ఆపరేషన్లు చేయరు. ఆటల్లో తగిలే దెబ్బల్లో పదింట తొమ్మిదింటికి ఆపరేషన్ అవసరముండదని మా రంగంలో తరచు చెప్పుకుంటారు. ఆ తొమ్మిదింటినీ చూసుకునే బాధ్యత వీరిది.

ఇలాంటి శిక్షణ ఒకటి కావలసి రావడానికి కారణం ఆటగాళ్లే అనుకుంటే పొరపాటు. 1998లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రీడ్‌మన్, బర్న్‌స్టీన్ అనే ఇద్దరు వైద్యులు, అప్పుడే రెసిడెన్సీలో చేరిన 85 మందికి ఎముకలు, కండరాల వైద్యంలో ప్రాథమిక విషయాల మీద పరీక్ష పెట్టి ఫలితాలు ప్రచురించారు. అందులో 70 మంది, అంటే నూటికి 82 మంది, తప్పారు. వైద్య కళాశాల నుంచి పట్టా పుచ్చుకుని వచ్చినవారి పరిస్థితి అది. నడుము నొప్పి, భుజం పట్టేయడం, మోకాలి వాపు, మడమ నొప్పి ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి ప్రతిరోజూ వచ్చే బాధలే. ఎలా పరీక్షించాలో తెలియని వైద్యుడు ముందు ఎంఆర్ఐ రాస్తాడు, తరువాత సర్జన్ దగ్గరికి పంపుతాడు, మధ్యలో నొప్పి మాత్రలిస్తాడు. రోగి డబ్బు, నెలలు, ఓపిక మూడూ కరిగిపోతాయి. చీలమండ బెణికి వచ్చిన మనిషికి ఎక్స్‌రే అవసరమా కాదా అన్నది, ఎముక మీద ఫలానా చోట్ల నొక్కి చూసి, నాలుగడుగులు వేయించి తేల్చవచ్చని ఒట్టావా వైద్యులు 1992లోనే చెప్పారు. అయిదు నిమిషాల ఆ పని చేతికి రావాలంటే ఎవరో పక్కన నిలబడి నేర్పాలి. ఫెలోషిప్ మొదటి ప్రయోజనం ఇది, ఇందులో ఎవరికీ విభేదం లేదు.

విభేదం వచ్చేది ఆ చేతిని ఎక్కడ వాడాలన్న దగ్గర. అక్కడికి వెళ్లేముందు, ఈ ఏడాదిలో అందరి కళ్లూ ఉండే మైదానం గురించి కొంత చెప్పాలి. దాని గొప్పతనాన్ని తగ్గించాలన్న ఉద్దేశం నాకు లేదు.

ఫెలో సంవత్సరం సాధారణంగా జూలైలో మొదలవుతుంది. వెంటనే హైస్కూలు పిల్లలకు సీజన్‌కు ముందు జరిపే పరీక్షలుంటాయి. గుండె చప్పుడును పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి, గొంతుక్కూర్చుని లేస్తుండగా ఒకసారి వినాలి. గుండె కండరం అసహజంగా మందమయ్యే జబ్బులో లేచి నిలబడినప్పుడు మర్మర్ అనే అదనపు శబ్దం పెరుగుతుంది, హాని లేని మామూలు మర్మర్ తగ్గుతుంది. కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయారా అని అడగాలి, ఆడుతూ ఎప్పుడైనా స్పృహ తప్పిందా అని అడగాలి. వందమంది పిల్లల్లో తొంభై తొమ్మిది మంది అన్నిటికీ లేదనే చెబుతారు. ఆ ఒక్కరి కోసం వందో సారి కూడా అంతే శ్రద్ధగా అడగాలి.

ఆగస్టులో ఎండ. తలకు హెల్మెట్, భుజాలకు ప్యాడ్లు వేసుకుని అమెరికన్ ఫుట్‌బాల్ సాధన మొదలవుతుంది. 2018 మే నెలాఖరులో మేరీలాండ్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టులోని 19 ఏళ్ల జోర్డాన్ మెక్‌నేర్ సాధనలో వడదెబ్బకు గురయ్యాడు, పదిహేను రోజుల తరువాత చనిపోయాడు. అతణ్ణి చల్లటి నీటిలో ముంచే చికిత్స చేయలేదని తరువాత జరిగిన విచారణలో తేలింది. ఆ చికిత్స చాలా సులువైనది. మైదానం అంచున ఒక తొట్టి, నిండా నీళ్లు, మంచు. పడిపోయిన పిల్లవాడి ఉష్ణోగ్రతను మలద్వారం నుంచి తీసుకోవాలి. నుదుటి మీదా నోట్లోనూ తీసే కొలతలను ఇక్కడ నమ్మడానికి లేదు. 40 డిగ్రీలు దాటి, మాట తడబడుతుంటే, అంబులెన్స్ వచ్చినా సరే ముందు తొట్టిలో దించాలి, చల్లబడ్డాకే తరలించాలి. మసాచుసెట్స్‌లో ఏటా జరిగే ఫాల్మత్ పరుగు పందెంలో 18 ఏళ్లలో 274 మందికి ఇలాంటి వడదెబ్బ తగలగా, ఈ పద్ధతిలో అందరూ బతికారు. ఎవరి ప్రాణమూ పోనక్కర్లేని జబ్బు ఇది. సిగ్గుపడుతూనో, ఆసుపత్రిలో చూసుకుంటారులే అనుకుంటూనో నిలబడిపోయే వైద్యుడి వల్ల పోతుంది. ఫెలోకు మంచు ఎక్కడుంది, తొట్టి నిండిందా అని సాధన మొదలయ్యే ముందే చూసుకునే అలవాటు పడాలి.

శుక్రవారం రాత్రుళ్లు హైస్కూలు ఫుట్‌బాల్. ఒక పిల్లవాడు ఢీకొని పడ్డాడు, లేచాడు, రెండడుగులు తన జట్టు వైపు కాక పక్కకు వేశాడు. అథ్లెటిక్ ట్రైనర్ అతణ్ణి పట్టుకుని సైడ్‌లైన్‌కు తెచ్చింది. మా ఫెలో మోకాళ్ల మీద కూర్చుని అడగడం మొదలుపెట్టాడు: మనం ఇప్పుడు ఏ మైదానంలో ఉన్నాం? ఇది మొదటి సగమా, రెండవదా? చివరిసారి పాయింట్లు ఎవరు చేశారు? పోయినవారం ఎవరితో ఆడారు? గెలిచారా? మొదటి మూడింటికీ జవాబు వచ్చింది. నాలుగో ప్రశ్నకు పిల్లవాడు స్కోరుబోర్డు వైపు చూశాడు, తరువాత తండ్రి కూర్చున్న బల్లల వైపు చూశాడు. ఫెలో ఇంకేమీ అనకుండా హెల్మెట్ తీసుకుని తన చంకలో పెట్టుకున్నాడు. ఆటగాడు మళ్లీ మైదానంలోకి పరుగెత్తకుండా ఆపడానికి ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు. కోచ్ వచ్చి, వాడు బాగానే ఉన్నాడుగా అన్నాడు. ఆట అయిదు పాయింట్ల తేడాలో ఉంది. ఫెలో కుదరదన్నాడు, కోచ్ రెండోసారి అడిగినా అదే జవాబిచ్చాడు.

ఆ జవాబు వెనుక ఒక చట్టం ఉంది. 2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్ల పిల్లవాడు తలకు దెబ్బ తగిలాక కూడా అదే ఆటలో మళ్లీ దిగి, ఆట ముగియగానే కూలిపోయి, మెదడులో రక్తస్రావంతో తీవ్రంగా దెబ్బతిన్నాడు. 2009లో అతని పేరు మీద వచ్చిన చట్టం, తలకు దెబ్బ తగిలిందని అనుమానమున్న ఆటగాణ్ణి వెంటనే తప్పించాలని, అర్హులైన వైద్య నిపుణులు రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప మళ్లీ ఆడనివ్వకూడదని చెప్పింది. అయిదారేళ్లలో అన్ని రాష్ట్రాలూ ఇలాంటి చట్టాలు చేశాయి. కానీ చట్టం కాగితం మీద ఉంటుంది, శుక్రవారం రాత్రి కోచ్‌కు ఎదురు నిలబడేది మనిషి. ఆ నిబ్బరాన్ని ఏ పరీక్షా కొలవలేదు. అది సైడ్‌లైన్ మీదనే అబ్బుతుంది, కాబట్టి అక్కడ గడిపే రాత్రులను తగ్గించమని నేనెప్పుడూ అనను.

అయితే ఆ పిల్లవాడి కథలో అసలు వైద్యం మొదలయ్యేది సోమవారం. తల్లితో కలిసి క్లినిక్‌కు వస్తాడు. తలనొప్పి తగ్గలేదు, రాత్రి నిద్ర పట్టదు, తరగతిలో బోర్డు వైపు చూస్తే కళ్లు తిరుగుతాయి. అతనికి అంతకుముందే మైగ్రేన్ ఉందా, ఇంట్లో తల్లిదండ్రులు విడిపోతున్నారా, ఏకాగ్రత కుదరక మందులు వాడుతున్నాడా, ఈ జట్టులో చోటు పోతే కాలేజీ స్కాలర్‌షిప్ పోతుందన్న భయం ఉందా అన్నవి తెలియకుండా అతన్ని ఆటలోకి తిరిగి పంపే మెట్లు లెక్కపెట్టడం కష్టం. ముందు చదువులోకి, తరువాత ఆటలోకి; ఒక్కో మెట్టుకూ కనీసం ఇరవై నాలుగు గంటలు. పుస్తకంలో ఇది ఒక పట్టిక. ఆచరణలో ఆ పిల్లవాణ్ణి నాలుగేళ్లుగా ఎరిగిన ఫ్యామిలీ డాక్టరుకు ఇది సులువు, అతణ్ణి మొదటిసారి చూస్తున్న నిపుణుడికి కష్టం.

వసంతంలో మారథాన్ ముగింపు రేఖ దగ్గరి గుడారం కూడా ఇదే పాఠం చెబుతుంది. 2002లో బోస్టన్ మారథాన్ పరుగెత్తిన 488 మంది రక్తాన్ని పరీక్షించగా, 13 శాతం మందిలో సోడియం తగ్గిపోయి కనిపించింది. పరుగులో బరువు పెరిగినవారిలో, అంటే చెమట పట్టినదానికంటే ఎక్కువ తాగినవారిలో, ఆ ప్రమాదం బాగా హెచ్చు. నీరసం అనగానే సెలైన్ ఎక్కించమని అడిగే మన ఊళ్ల అలవాటు నుంచి వచ్చిన నాకు, రెసిడెన్సీలో ఎంత చదివినా, సోడియం చూడకుండా సీసా తగిలించకూడదన్న సంగతి మనసుకు పట్టింది ఆ గుడారంలోనే. కూలిపోయిన మనిషికి వడదెబ్బా, నీళ్లు ఎక్కువవడమా, గుండె ఆగడమా, చక్కెర పడిపోవడమా అన్నది నిమిషాల్లో తేల్చగలిగేది అన్ని అవయవాల గురించీ కొంత కొంత తెలిసిన వైద్యుడే. మోకాలి నిపుణుడికి ఆ గుడారంలో పని తక్కువ.

ఇప్పుడు నా అభ్యంతరానికి వస్తాను. ఫెలోషిప్ ముగించిన వైద్యుల్లో పెద్ద భాగం ఆర్థోపెడిక్ గ్రూపుల్లో ఉద్యోగాలకు వెళుతున్నారు. అక్కడ మధుమేహం, రక్తపోటు, నిద్రలేమి వాళ్ల పని కిందికి రావు. రోజంతా భుజాలు, మోకాళ్లు. అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ కీలులోకి సూది దించడం చేతనైతే ఆ గ్రూపుకు మంచి ఆదాయం. ఆపరేషన్ కావలసినవాళ్లు పక్క గదిలోని సర్జన్ దగ్గరికి వెళతారు. ఫెలోలకు ఈ సంగతి ముందే తెలుసు, కాబట్టి ఏడాదిలో ఎన్ని సూదులు వేశానన్న లెక్కే వారికి ముఖ్యమవుతుంది. ఒక కార్యక్రమంలో మూల స్పెషాలిటీ పూటను ఏడాది మధ్యలో ఇంజెక్షన్ క్లినిక్‌గా మార్చేశారని, కాగితాల్లో మాత్రం పాత పేరే ఉంచారని అక్కడ చదివిన ఒకరు నాతో చెప్పారు. ఇది విని నాకు చాలా బాధ కలిగింది.

సూది వద్దని నేననడం లేదు. కానీ మోకాలి అరుగుదల విషయంలో పరిశోధనలు ఏం చెప్పాయో చూడండి. 2002లో హ్యూస్టన్‌లో 180 మంది మీద జరిగిన ప్రయోగంలో, కీలులోకి గొట్టం దించి శుభ్రం చేసే ఆపరేషన్, చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టిన ఉత్తుత్తి ఆపరేషన్ కంటే మెరుగైన ఫలితమేమీ ఇవ్వలేదు. 2017లో 140 మందికి రెండేళ్ల పాటు మూడు నెలలకొకసారి స్టెరాయిడ్ సూది లేదా ఉప్పునీటి సూది వేసి చూస్తే, నొప్పిలో తేడా లేదు, స్టెరాయిడ్ తీసుకున్నవారిలో మృదులాస్థి మాత్రం ఎక్కువ అరిగింది. 2020లో అమెరికా సైనిక వైద్య వ్యవస్థలో 156 మందిని రెండు భాగాలు చేసి ఒకరికి స్టెరాయిడ్ సూది, మరొకరికి ఫిజికల్ థెరపీ ఇవ్వగా, ఏడాది తిరిగేసరికి థెరపీ తీసుకున్నవారే తక్కువ నొప్పితో, ఎక్కువ చురుకుగా ఉన్నారు. రోగి రక్తం నుంచే తీసి ఎక్కించే పీఆర్‌పీ సంగతీ అంతే: 2021లో ఆస్ట్రేలియాలో 288 మంది మీద చేసిన ప్రయోగంలో ఉప్పునీటి సూదికీ దానికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ చికిత్సకు చాలా ఇన్సూరెన్సులు డబ్బివ్వవు, రోగి జేబులోంచే ఇవ్వాలి. ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు, మోకాలి నొప్పితో వచ్చే మామూలు మనిషికి ఎక్కువ మేలు చేసే నైపుణ్యం వ్యాయామాన్ని మందులాగే మోతాదు ప్రకారం రాయగలగడం. దాన్ని ఫెలో నేర్చుకునేది ఎక్కడ?

ఒక ఉదాహరణ చెబుతాను. గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. మా క్లినిక్‌కు గుంటూరు జిల్లా నుంచి కొడుకు దగ్గరికి వచ్చి స్థిరపడిన ఒక పెద్దావిడ వచ్చారు. ఆ పూట ఫెలో ఒక అమెరికన్ అమ్మాయి. మోకాలు చూసింది, వంచి చాచింది, నీరు లేదని తేల్చింది, ఎక్స్‌రేలో అరుగుదల చూసింది. ఇదంతా ఆమె చాలా చక్కగా, పది నిమిషాల్లో ముగించింది. పెద్దావిడ నా వైపు తిరిగి, "బాబూ, ఆ సూదేదో వేసెయ్యి. మా చెల్లెలికి హైదరాబాద్‌లో వేశారు, హాయిగా తిరుగుతోంది" అన్నారు. నేను తర్జుమా చేశాను. ఫెలో సూది సిద్ధం చేయబోయింది. చక్కెర ఎంతుందో ఒకసారి చూడమన్నాను. మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) 9కి దగ్గరగా ఉంది. స్టెరాయిడ్ వేస్తే కొన్నాళ్లు ఇంకా పెరుగుతుంది.

అప్పుడు కూర్చుని మాట్లాడడం మొదలైంది. ఆవిడ రోజూ నేల మీద కూర్చుని పూజ చేస్తారు, లేవడానికి గోడ పట్టుకుంటారు. కోడలు ఉద్యోగానికి వెళ్లాక ఇంట్లో ఒంటరిగా ఉంటారు. బయట మంచు పడితే జారతానని భయం, కాబట్టి నవంబరు నుంచి మార్చి వరకు గడప దాటరు. ఊళ్లో ఉన్నప్పుడు రోజూ గుడికి నడిచేవారట. "అమ్మా, వారంలో ఎన్ని రోజులు నడుస్తున్నారు, రోజుకు ఎన్ని నిమిషాలు?" అని అడిగితే, "ఎక్కడికని నడవను బాబూ" అన్నారు. ఫెలో ఆ జవాబును రాసుకోకుండా ఆవిడ ముఖం వైపు చూస్తూ ఉండిపోయింది. చివరికి రాసిన మందుచీటీలో పూజకు ఎత్తు పీట, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం రోజుకు మూడు విడతలు, ఉదయం పదింటికి దగ్గర్లోని షాపింగ్ మాల్‌లో పదిహేను నిమిషాల నడక, అన్నం కొలతతో, మధుమేహం మందులో మార్పు, ఫిజికల్ థెరపీ ఉన్నాయి. మూడు నెలలకు నొప్పి పూర్తిగా పోలేదు. చక్కెర దిగింది, మెట్లు ఎక్కగలుగుతున్నారు, మాల్‌లో ఇంకో ఇద్దరు తెలుగు ఆడవాళ్లు తోడు దొరికారు. సూది గురించి మళ్లీ అడగలేదు.

ఆర్థోపెడిక్ క్లినిక్‌లో ఈ మనిషికి సూది పడి ఉండేది. అక్కడి వైద్యుడు చెడ్డవాడు కావడం వల్ల అలా జరగదు, ఆయనకు ఆవిడ చక్కెర చూసే పని గానీ, చలికాలం గురించి అడిగే సమయం గానీ ఉండదు. మనవాళ్లకు ఇది మరింత వర్తిస్తుంది. దక్షిణాసియావారికి తక్కువ బరువుకే మధుమేహం వస్తుంది. అందుకే అమెరికన్ డయాబెటిస్ సంఘం ఆసియావారికి బీఎంఐ 23 నుంచే పరీక్షలు మొదలుపెట్టమంటుంది. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, శనివారం ఉదయం షటిల్ కోర్టులో దిగే నలభై ఏళ్ల తెలుగు ఇంజనీరు, మడమ వెనుక ఎవరో తన్నినట్టుందని వస్తే, బోర్లా పడుకోబెట్టి పిక్క నొక్కి, పాదం కదలకపోతే స్నాయువు తెగిందని చెప్పగలగాలి. అది స్పోర్ట్స్ మెడిసిన్. అదే మనిషికి రక్తపోటు ఉందా, కిందటి నెల ఏదైనా ఫ్లోరోక్వినలోన్ యాంటీబయోటిక్ వాడాడా అని అడగడం ప్రైమరీ కేర్. ఈ రెండవ ప్రశ్న వదిలేస్తే మొదటిదానికి జవాబు సగమే దొరుకుతుంది, ఎందుకంటే ఆ మందులు స్నాయువులను బలహీనపరుస్తాయి.

పరుగు పందేల అమ్మాయిల సంగతి ఇంకా ముఖ్యం. కాలి ఎముకలో పగులుతో రెండోసారి వచ్చిన పదహారేళ్ల అమ్మాయికి బూటు తొడిగి ఆరు వారాలు విశ్రాంతి చెప్పి పంపడం సులభం. నెలసరి ఎన్నాళ్లుగా ఆగిపోయింది, తిండి ఎందుకు తగ్గించింది, బరువు తగ్గితే వేగం పెరుగుతుందని ఎవరు చెప్పారు అని తెలుసుకోవడానికి తలుపు మూసి, తల్లిని బయట కూర్చోమని మర్యాదగా చెప్పి మాట్లాడాలి. ఒంట్లో ఖర్చయ్యే శక్తికి తగ్గ తిండి లేకపోవడం వల్ల ఎముక, హార్మోన్లు, గుండె, మనసు అన్నీ దెబ్బతింటాయని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికొక పేరు పెట్టి, అబ్బాయిలలో కూడా ఉంటుందని చెప్పింది. ఈ సంభాషణ చేయగల ఓర్పు జనరల్ క్లినిక్‌లో, అమ్మాయిలతోనూ తల్లులతోనూ ఏళ్ల తరబడి మాట్లాడినవారికే వస్తుంది. ఏడాది పాటు ఆ అలవాటు వదిలేసిన వైద్యుడి నాలుకకు ఆ ప్రశ్నలు మళ్లీ అలవడడం కష్టమని ఫెలోలను చూస్తూ గ్రహించాను.

నా మాటకు ఎదురుగా వచ్చే వాదనలు బలహీనమైనవి కావు. ఏడాది చాలా చిన్న కాలం, అల్ట్రాసౌండ్ చేయి తిరగాలంటే వందలసార్లు చేయాలి, మూడేళ్లు నేర్చుకున్న ఫ్యామిలీ మెడిసిన్ ఒక్క ఏడాదిలో మరచిపోరు అంటారు. మొదటి రెండూ నిజం. మూడవదాన్ని నేను ఒప్పుకోను. మధుమేహం మందులు ఏటా మారుతున్నాయి. వాటిని వాడకపోతే మరపు రావడానికి ఏడాది అక్కర్లేదు. డబ్బు సంగతి ఇంకా గట్టి వాదన. అమెరికాలో చదివిన యువ వైద్యుడు సుమారు రెండు లక్షల డాలర్ల అప్పుతో బయటికి వస్తాడు, మరో ఏడాది రెసిడెంట్ స్థాయి జీతంతో గడుపుతాడు, ఆ తరువాత ఫ్యామిలీ క్లినిక్‌లో చేరితే ఈ అదనపు అర్హతకు ప్రత్యేకంగా విలువ కట్టేవారు తక్కువ. అతడు ఆర్థోపెడిక్ గ్రూపుకు వెళితే తప్పుపట్టే హక్కు నాకు లేదు. నేను తప్పుపట్టేది అతడికి వేరే దారి ఉందని కూడా చూపించని శిక్షణను. అరగంట కూర్చుని వ్యాయామం రాసినదానికంటే అయిదు నిమిషాల సూదికి ఎక్కువ చెల్లించే ఇన్సూరెన్సు పద్ధతి మారాలి, అది ఫెలోషిప్ డైరెక్టర్ల చేతిలో లేదు. ఫెలో వారం ఎలా గడవాలన్నది మాత్రం పూర్తిగా వారి చేతిలోనే ఉంది.

ఇక్కడ మన తెలుగు వైద్యులకు నేరుగా సంబంధించిన విషయం ఒకటుంది. భారతదేశం నుంచి వచ్చి ఫ్యామిలీ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీలు చేసేవారిలో చాలామంది జే-1 వీసా మీద ఉంటారు. చదువు అయ్యాక రెండేళ్లు స్వదేశానికి వెళ్లాలన్న షరతు నుంచి మినహాయింపు కోసం, ఒక్కో రాష్ట్రానికి ఏటా 30 చొప్పున ఉండే కాన్రాడ్ పథకం కింద, వైద్యులు కొరతగా ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తారు. కేన్సస్‌లోనో, అయోవాలోనో, మిసిసిపీలోనో ఆసుపత్రి ఒకటే ఉన్న ఊళ్లలో మన పేర్లతో బోర్డులు కనబడడానికి ఇదొక ముఖ్య కారణం. అలాంటి ఊళ్లో హైస్కూలు జట్టుకు వేరే వైద్యుడు ఉండడు, సర్జన్ గంటన్నర ప్రయాణం దూరంలో ఉంటాడు. ఫెలోషిప్ చేసిన ఫ్యామిలీ డాక్టరు అక్కడ ఉంటే శుక్రవారం రాత్రి మైదానంలో అతడే, సోమవారం పొద్దున క్లినిక్‌లో అతడే, ఆ పిల్లవాడి తాతగారి మోకాలు చూసేదీ అతడే. నాకు తెలిసిన యువ వైద్యులు కొందరు, ఎలాగూ పల్లెకు వెళ్లాల్సిందే కదా, ఈ ఫెలోషిప్ ఎందుకు, నగరంలో ఉద్యోగం వచ్చాక చూద్దాం అంటుంటారు. వారి లెక్క తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. ఈ చదువు నగరంలోని పెద్ద జట్టుకంటే ఆ ఊరికే ఎక్కువ అవసరం. వీసా గడువులు, దరఖాస్తు తేదీలు చిక్కుగానే ఉంటాయి, వాటిని ఇమ్మిగ్రేషన్ లాయరుతో ముందే మాట్లాడుకోవాలి, కానీ ఆ చిక్కును చూసి చదువే వదులుకోవడం సరికాదు.

డైరెక్టర్లను నేను కోరేది కొత్త నిబంధనలు కాదు. ఉన్న ఆ పూటను వారంలో మారని రోజున పెట్టాలి, జట్టు ప్రయాణం పేరుతో రద్దు చేస్తే మరో రోజు భర్తీ చేయాలి. ఫెలోకు ఆ ఏడాదంతా తనవంటూ కొందరు రోగులుండాలి, వాళ్లు మళ్లీ మళ్లీ అతడి దగ్గరికే రావాలి, ఎందుకంటే వ్యాయామం పనిచేసిందో లేదో మూడో నెలలోగానీ తెలియదు. పర్యవేక్షించే వైద్యుడు ఈ రెండు పనులూ స్వయంగా చేసేవాడై ఉండాలి. మూల్యాంకనంలో ఎన్ని సూదులు వేశాడన్న గడి పక్కన, సూది వేయకుండా ఎంతమందిని నడిపించాడన్న గడి కూడా ఉండాలి.

ఇంటర్వ్యూలకు వెళ్లే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక సూచన. ఏ లీగ్ జట్టు, ఏ కంపెనీ అల్ట్రాసౌండ్ అని అడిగాక, కిందటేడాది ఫెలో ఆ పూట ఏ క్లినిక్‌లో కూర్చున్నాడో, ఏడాదిలో ఎన్నిసార్లు అది రద్దయిందో అడగండి. వీలైతే ఆ ఫెలోతోనే ఫోనులో మాట్లాడండి. డైరెక్టరు వెంటనే క్లినిక్ పేరు, రోజు, పర్యవేక్షకుడి పేరు చెబితే ఆ కార్యక్రమాన్ని మీ జాబితాలో పైన పెట్టుకోండి. నిబంధన ప్రకారం జరుగుతుందని మాత్రమే చెబితే, ఎంత పెద్ద జట్టు ఉన్నా కిందికి దించండి.